రెండు నుంచి నాలుగు దాకా

"శనివారం రాత్రి రెండు నుంచి నాలుగు దాకా
మీ సైట్లు పలకవు, మన్నించండి" అని
మూడొందల పదకొండు మందికి మెసేజ్ పెట్టాను.
చదివినవాళ్లు ఇరవైమంది.
ఫోన్ చేసినవాడు ఒక్కడే,
జువ్వలదిన్నె రొయ్యపిల్లల హేచరీ పెంచలయ్య:
"ఏందమ్మా, కరెంటోళ్ల మాదిరి నువ్వు కూడానా?"

పోగతోటలో స్కానింగ్ సెంటర్ పైన మా ఆఫీసు.
పగలంతా మెట్ల మీద
రిపోర్టుల కోసం కూర్చున్న జనం.
రాత్రయితే వాచ్‌మన్, ఒక కుక్క, నేను.
మిషను ఇక్కడ లేదు.
ముంబైలో ఎక్కడో, నేనెన్నడూ చూడని చలిగదిలో ఉంది.
దాని తాళం మాత్రం నా వేళ్లలో.

ఒకే ఇంట్లో మూడొందల పదకొండు కాపురాలు.
ఒకే కుళాయి, ఒకే మీటరు.
చీమకుర్తి గ్రానైట్ ఆయన
నిలువెత్తు రాళ్ల ఫోటోలు ఎక్కిస్తే
వెంకటగిరి చీరల కొట్టుకి ఊపిరాడదు.
కందుకూరు ట్యూషన్ సెంటర్లో రిజల్ట్స్ వచ్చిన రోజు
బుచ్చి రైసుమిల్లు ధరల పట్టిక
గుమ్మంలోనే నిలబడిపోద్ది.
వీళ్లకి ఒకరి మొహం ఒకరికి తెలీదు,
గోడకవతల దగ్గు మాత్రం వినబడుతుంది.

ఆ ఇంటికి ఈ రాత్రి పునాది మార్చాలి.

ఒంటిగంటన్నరకి బ్యాకప్.
ఒకసారి తీసి, సరిపోక, ఇంకోసారి తీశాను.
రెండూ అయిదుకి పీహెచ్‌పీ పాత వెర్షన్ దించాను,
రెండుంబావుకి కొత్తది కూర్చుంది.
వాకిళ్లు ఒకటొకటే తట్టుకుంటూ పోయాను.
మూడొందల రెండు పలికాయి.
తొమ్మిది పలకలేదు.
ఎనిమిదింటి జబ్బు నాకు తెలిసిందే,
టీ చల్లారేలోపు లేచి కూర్చున్నాయి.

తొమ్మిదోది ఉదయగిరి.
గౌసియాబీ కొయ్యగరిటెల సైటు.
నర్ది కొయ్యతో చెక్కిన ఏడు గరిటెల ఫోటోలు,
ఒక ఫోన్ నంబరు,
అడుగున, చూసినవాళ్ల లెక్క: నాలుగువేల రెండొందల ఆరు.
పద్నాలుగేళ్లకి అంతే.
ఏటా ఏప్రిల్లో పక్కింటి పిల్లకాయ చేత
వెయ్యి రూపాయలు ఫోన్‌పే కొట్టిస్తుంది.
"గరిటె విరిగితే నేను చెక్కిస్తా,
ఇది విరిగితే నువ్వు చూసుకో" అంది ఒకసారి.

కోడ్ తెరిచాను.
నూట నలభయ్యో లైను పక్కన ఎవరో రాసిపెట్టారు:
"ఇది తాత్కాలికం.  వచ్చే వారం సరిగ్గా రాయాలి."
చేతిరాత లేనిచోట కూడా చెయ్యి తెలుస్తుంది.
చుక్క తర్వాత రెండు ఖాళీలు వదిలే జబ్బు
ఈ ఆఫీసులో ఒక్కదానికే ఉంది.
నాకు.
అప్పుడు ఇరవై రెండేళ్లు,
కావలి బస్సు దొరకదని సంచీ భుజానేసుకుని
నిలబడే టైపు చేసి ఉంటాను.

ఆ వచ్చే వారం ఇవాళ వచ్చింది.

మూడంటే మూడు లైన్లు.
పేజీ తెరుచుకుంది, గరిటెలన్నీ ఉన్నాయి,
లెక్క మాత్రం సున్నా.
ఎవరూ చూడరు, పోనిద్దూ అనుకున్నాను.
కుర్చీ వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు జరిపాను.
బ్యాకప్‌లోంచి ఆ ఆరుదాకా తవ్వి తెచ్చి పెట్టి
ఒకసారి తెరిచి చూశాను.
నాలుగువేల రెండొందల ఏడు.
ఆ ఏడో మనిషిని నేను.

నాలుక్కి ఎనిమిది నిమిషాలుండగా పెంచలయ్య ఫోన్.
"అయిపోయిందా? చూశా, ఏం మారినట్టు లేదే!"
వెనక మోటారు చప్పుడు.
"నేనూ ఇప్పుడే తొట్లల్లో నీళ్లు మారుస్తుండా.
పిల్లకి తెలీకుండా మార్చాల తల్లీ,
తెలిసిందా, తెల్లారేసరికి తేలతది."

గోడ మీద ఇంకా జాబితా ఉంది.
జూన్‌లో కొత్త డిస్కులు. దసరాలోపు మెయిల్ మార్పు,
ఈ దసరా ఏ ఏడాదిదో రాసిలేదు.

లాగౌట్ అయ్యేముందు మళ్లీ ఉదయగిరికి వెళ్లాను.
ఆ పాత మాటని చెరపలేదు.
దాని కింద ఇవాళ్టి తేదీ వేశాను,
చుక్క పెట్టి,
రెండు ఖాళీలు వదిలి.